పిల్లలకు ధైర్యం చెప్పేవాళ్లు వాళ్లను రోజూ చూసేవాళ్లై ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

నేను విజయనగరం జిల్లా నెల్లిమర్ల మండలంలో ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో వ్యాయామ ఉపాధ్యాయురాలిని. కిందటి వారం మీ పత్రిక జిల్లా పేజీలో ఒక ఫోటో వేశారు. కాలేజీ హాలు నిండా పిల్లలు పిడికిళ్లు పైకెత్తి నిలబడ్డారు. వేదిక మీద వక్త మైకు పట్టుకుని ఉన్నారు. ‘విద్యార్థుల్లో స్ఫూర్తి నింపిన ప్రసంగం’ అని కింద రాశారు. ఆ ఫోటోలో ఎడమవైపు చివర గోడకు ఆనుకుని ఆకుపచ్చ చీరలో ఉన్నది నేనే. హాల్లో జరిగింది మీరు రాశారు. అక్కడి నుంచి తిరిగి వస్తూ ఆటోలో జరిగింది నేను రాస్తున్నాను.

ఆ రోజు నాతో పదకొండు మంది అమ్మాయిలు వచ్చారు. అందరూ మా బళ్లో చదివి వెళ్లినవాళ్లే. కొందరు డిగ్రీ చదువుతున్నారు, కొందరు చదువు ఆపేసి కుట్టుమిషను మీదో, షాపులోనో పని చేసుకుంటున్నారు. పోలీసు కానిస్టేబుల్ ఉద్యోగం వస్తే ఇల్లు నిలబడుతుందని రోజూ తెల్లవారుజామున మా బడి గ్రౌండుకు పరుగుకు వస్తారు. పెద్దాయన ఎవరో వచ్చి మంచి మాటలు చెబుతారంటే వింటే మంచిదే కదా అని నేనే తీసుకెళ్లాను.

రెండు గంటలు మాట్లాడారు. బాగా మాట్లాడారు, ఆ మాట ఒప్పుకోవాలి. పిల్లలు నవ్వారు, ఏడ్చారు, ‘నేను సాధిస్తాను’ అని మూడుసార్లు గట్టిగా అరిచారు. గట్టిగా అనుకుంటే జరగనిదంటూ లేదని, ఓడిపోయామంటే గట్టిగా అనుకోలేదనే అర్థమని ఆయన పదేపదే చెప్పారు. చప్పట్లు మోగిపోయాయి.

విజయనగరం నుంచి నెల్లిమర్ల వచ్చే ఆటోలో వెనక సీటులో నా పక్కన కూర్చున్న అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ, విప్పుకుంటూ కూర్చుంది. ఊరు దగ్గర పడుతుండగా అడిగింది. “మేడం, గట్టిగా అనుకున్నోళ్లంతా గెలుస్తారంట కదా. అంటే నాను గట్టిగా అనుకోలేదేటి మేడం?”

ఆ అమ్మాయి కిందటి కానిస్టేబుల్ ఎంపికల్లో 1600 మీటర్ల పరుగులో తప్పింది. ఆడపిల్లలకు ఇచ్చే గడువు 10 నిమిషాల 30 సెకన్లు. ఈమెకు 10 నిమిషాల 52 సెకన్లు పట్టింది. 22 సెకన్లు. ఆ 22 సెకన్ల కోసం ఎంత ఏడ్చిందో వాళ్లమ్మకూ నాకూ తెలుసు. ఎంపికకు ముందు ఏడు నెలలు ఆదివారం కూడా మానకుండా వచ్చింది. అలాంటి పిల్లకు, నీ ఓటమికి కారణం నువ్వు మనసులో సరిగ్గా కోరుకోకపోవడమేనని రెండు గంటల ప్రసంగం చెప్పి పంపింది. ఆయన ఆ ఉద్దేశంతో అని ఉండరు. కానీ ఆ పిల్లకు అర్థమైంది అదే.

ఆటోలో నేను ఏమీ చెప్పలేకపోయాను. మర్నాడు పొద్దున గ్రౌండులో నోటుబుక్కు తీశాను.

మా గ్రౌండు చిన్నది. సున్నం పోసి గీస్తే 200 మీటర్ల ట్రాక్ వస్తుంది. అంటే 1600 మీటర్లకు ఎనిమిది రౌండ్లు. రెండేసి రౌండ్లకు ఒకసారి స్టాప్‌వాచ్ చూసి పొడుగు నోటుబుక్కులో టైం రాస్తాను. ప్రతి పిల్లకూ రెండు మూడు పేజీలుంటాయి. ఈ అమ్మాయి పేజీలో మొదటి రోజు టైం 12 నిమిషాల 40 సెకన్లు. ఎంపికలకు ముందు వారం మా గ్రౌండులో చేసిన టైం 10 నిమిషాల 44. దాన్ని విడదీసి చూస్తే మొదటి 400 మీటర్లు 2:18, రెండో 400 మీటర్లు 2:36, మూడోది 3:00, చివరిది 2:50.

ఆ అంకెల మీద వేలు పెట్టి చూపించాను. “ఇదిగో, నువ్వు మొదలుపెట్టిన రోజుకీ ఎంపికల రోజుకీ మధ్య నూట ఎనిమిది సెకన్లు తగ్గించావు. ఇంక తగ్గించాల్సింది ఇరవై రెండు. నూట ఎనిమిది తగ్గించినదానివి నువ్వే కదా?” అన్నాను. తల ఊపింది. “ఇప్పుడు ఈ మూడు నిమిషాలు ఎక్కడ పడ్డాయో చూడు. అయిదో రౌండు, ఆరో రౌండు. అక్కడ ఎందుకు పడిపోతున్నావంటే మొదటి రెండు రౌండ్లు 2:18లో పరిగెత్తేస్తున్నావు. పక్కవాళ్లు ముందుకు పోతుంటే ఆగలేక నువ్వూ పోతున్నావు. నాలుగుసార్లూ 2:35లో తిరిగితే మొత్తం 10:20. నువ్వు 2:35లో ఎన్నిసార్లు తిరిగావో ఈ పుస్తకంలో నువ్వే లెక్కపెట్టు.” కూర్చుని లెక్కపెట్టింది. ముప్పై ఒకటి వచ్చింది. అప్పుడు మొహంలో కాస్త వెలుగు వచ్చింది. నేను అంతకుమించి ఏమీ చెప్పలేదు.

నాకు ఇది నేర్పినవాళ్లు వేరే ఉన్నారు. మా పుట్టిల్లు శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర పల్లెటూరు. 2000 సెప్టెంబరు 19, మంగళవారం. నేను అప్పుడు తొమ్మిదో తరగతి. ఆమదాలవలస పక్కనున్న ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి గారు సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో కాంస్యం గెలిచారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్లకు వెయిట్‌లిఫ్టింగ్ పెట్టడం అదే మొదటిసారి. ఒలింపిక్ పతకం గెలిచిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. బరువును ఒక్క ఊపులో తలపైకి ఎత్తే స్నాచ్‌లో 110, రెండు దఫాలుగా ఎత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో 130, మొత్తం 240 కిలోలు. బంగారు, వెండి పతకాలు గెలిచినవాళ్లు ఎత్తింది 242.5 కిలోలు. మా ప్రాంతమంతా పండగ చేసుకుంది. ఆ వారమంతా మా ఇంట్లో, వీధిలో, బళ్లో నాకు వినిపించిన మాట ఒకటే. “చూశావేటి? మన పక్కూరి పిల్లే. నువ్వూ అలాగవ్వాలి.”

అందరూ ప్రేమతో అన్నదే. కానీ అంతకు ముందు నెలలోనే నేను మండల స్థాయి 800 మీటర్ల పరుగులో మధ్యలో కూర్చుండిపోయాను. ఊరు ఊరంతా చూసింది. అలా కూర్చుండిపోయిన పిల్లకు ప్రపంచ చాంపియన్‌ను చూపించి అలా అవ్వు అంటే, ఆ ఎత్తు చూసి కళ్లు తిరిగాయి. (మల్లీశ్వరి గారు 1994లో, 1995లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్. అది చాలామంది మరిచిపోయారు. అందుకే చెబుతున్నాను.) గ్రౌండుకు వెళ్లడం మానేశాను.

మా డ్రిల్లు మాస్టారు ఇంటికి వచ్చారు. అరుగు మీద కూర్చుని మంచినీళ్లు అడిగారు. తాగాక జేబులోంచి మడిచిన కాగితం తీశారు. “అమ్మా, జూన్‌లో నువ్వు రెండు రౌండ్లకే ఆయాసపడి నీడకి వెళ్లిపోయేదానివి. ఆగస్టులో అయిదు రౌండ్లు తిరిగావు. నేను రాసి పెట్టుకున్నాను, చూడు. మల్లీశ్వరి సంగతి మల్లీశ్వరిది. రేపు నాకు ఆరో రౌండు కావాలి, అంతే” అన్నారు. ఆ కాగితం మీద నా పేరు, తేదీలు, గీతలు. అప్పటిదాకా నన్ను అంత శ్రద్ధగా గమనించినవాళ్లు ఉన్నారని నాకు తెలియదు. మర్నాడు వెళ్లాను. ఈ రోజు నేను చేస్తున్న ఉద్యోగం ఆ కాగితం పుణ్యమే. మాస్టారు ఇప్పుడు లేరు.

తర్వాత వ్యాయామ ఉపాధ్యాయులు చదివే బీపీఎడ్‌లో మనస్తత్వశాస్త్రం పేపరు చదివేటప్పుడు ఆల్బర్ట్ బండూరా పేరు వచ్చింది. ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం మనిషిలో ఎలా పుడుతుందో ఆయన 1977లో రాశారు. అన్నిటికన్నా బలమైనది మనిషి తాను స్వయంగా చేసి గెలిచిన అనుభవం. ఆ తర్వాత తనలాంటివాళ్లు చేయడం కళ్లారా చూడడం. ఎదుటివాళ్లు చెప్పే మాటలు వాటి తర్వాతే. ఇవి కాక నాలుగోది, గుండె దడ, చెమట, వణుకు లాంటి వాటిని మనిషి ఎలా అర్థం చేసుకుంటాడన్నది. చదువుతున్నప్పుడు నాకు మాస్టారి కాగితమే గుర్తొచ్చింది. ఆయన ఈ పుస్తకాలేవీ చదివి ఉండరు. మాటకు బలం లేదని కాదు ఆ లెక్కకు అర్థం. మన మాట ఆ పిల్ల చేసిన పనిని పట్టుకుని ఉంటే దానికి బలం వస్తుంది. గాలిలో అన్న మాట గాలిలోనే పోతుంది.

మా మండలంలోని రామతీర్థం గుడిలో ఒక ఏడాది శ్రీరామనవమికి పురాణం వింటుంటే కూడా ఇదే తోచింది. సముద్రం ఒడ్డున వానరులంతా కూర్చుని ఎవరు ఎంత దూకగలరో చెప్పుకుంటారు. ఒకడు పది యోజనాలంటాడు, ఒకడు ఇరవై అంటాడు. జాంబవంతుడు ముసలితనంలో తనకు తొంభై అంటాడు. అంగదుడు వంద దూకుతాను గానీ తిరిగి రాగలనో లేదో అంటాడు. మా గ్రౌండులో పిల్లలు టైములు చెప్పుకున్నట్టే ఉంటుంది. హనుమంతుడు ఒక మూల మాట్లాడకుండా కూర్చుంటాడు. జాంబవంతుడు ఆయన దగ్గరకు వెళ్లి ఏమన్నాడు? నీ పుట్టుక ఇది, చిన్నప్పుడు సూర్యుణ్ణి పండనుకుని ఆకాశానికి ఎగిరినవాడివి అని జరిగిన సంగతి చెప్పాడు. ఆయన చేసిన పనినే ఆయనకు గుర్తు చేశాడు. ఆ సంగతి తెలిసిన ముసలాయన పక్కన ఉండబట్టి పని అయింది. మన భాషలో శల్య సారథ్యం అన్న మాట కూడా ఉంది. రథం మీద పక్కనే కూర్చుని, యుద్ధం మధ్యలో కర్ణుణ్ణి మాటలతో కుంగదీసినవాడు శల్యుడు. పిల్లల పక్కన మనం ఈ ఇద్దరిలో ఎవరిలా కూర్చుంటున్నామో ఒకసారి చూసుకోవాలి. “నీ వల్ల ఏటవుద్ది” అనే మాట మా పిల్లలు ఇంట్లో రోజుకు ఎన్నిసార్లు వింటారో నాకు తెలుసు.

మా మండలంలోనే కొండవెలగాడ ఉంది. వెయిట్‌లిఫ్టింగ్‌కు పేరు పడ్డ ఊరు. 2014 గ్లాస్గో కామన్వెల్త్ క్రీడల్లో 53 కిలోల విభాగంలో మత్స సంతోషి గారు కాంస్యం గెలిచి, మొదటి స్థానంలో వచ్చిన క్రీడాకారిణి డోపింగ్‌లో దొరికాక రజతం అందుకున్నారు. ఆమె ఆ ఊరి అమ్మాయే. వెయిట్‌లిఫ్టింగ్‌లో పేరు పిలిచాక బరువు ఎత్తడానికి మామూలుగా ఇచ్చేది ఒక్క నిమిషం. కోచ్ ఏం చెప్పినా ఆ లోపే. ఆ నిమిషంలో ఉపన్యాసం పట్టదు. “మోకాలు”, “ఊపిరి”, “నిన్నటిలాగే” ఇలాంటి మాటలే ఉంటాయి. ‘నిన్నటిలాగే’ అన్న మాటలో ఎంత ధైర్యం ఉందో ఆలోచించండి. నిన్న చేశావు అని చెప్పడం అది. నిన్న పక్కన నిలబడి చూసినవాళ్లే ఆ మాట అనగలరు.

మెచ్చుకోవడంలో కూడా మనం తెలియక చేసే తప్పొకటి ఉంది. నేనూ చాలా ఏళ్లు చేశాను. “నువ్వు పుట్టుకతోనే ఆటగత్తెవి”, “నీది బంగారు బుర్ర” అంటుంటాం. క్లాడియా ముల్లర్, కరోల్ డ్వెక్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ప్రచురించిన ప్రయోగాల్లో పిల్లలకు కొన్ని బొమ్మల చిక్కుప్రశ్నలు ఇచ్చారు. బాగా చేశాక కొందరిని తెలివైనవాళ్లని, కొందరిని కష్టపడ్డారని మెచ్చుకున్నారు. తర్వాత కావాలనే కష్టమైనవి ఇచ్చి, అవి సరిగా చేయలేకపోయాక మళ్లీ మొదటిలాంటివే ఇచ్చారు. తెలివైనవాళ్లు అనిపించుకున్న పిల్లలు ఈసారి వెనకబడ్డారు. కష్టపడ్డారు అనిపించుకున్నవాళ్లు మెరుగయ్యారు. నాకిది చదివి ఆశ్చర్యం కలగలేదు. పుట్టుకతోనే వచ్చిందని నేను పొగిడిన ఒక అబ్బాయి మొదటిసారి ఓడిపోగానే షూ విప్పి పక్కన పెట్టేసి మళ్లీ రాలేదు. ఇన్నాళ్లూ మేడం అన్నది అబద్ధమన్నమాట అనుకున్నాడు. ఆ పిల్లాడి విషయంలో తప్పు నాదే.

గుండె దడ సంగతి కూడా చెప్పాలి. పరుగు మొదలయ్యే ముందు పిల్లలు వచ్చి “టెన్షన్‌గా ఉంది మేడం, కాళ్లు వణుకుతున్నాయి” అంటారు. టెన్షన్ పడకు అంటే ఎవరికీ తగ్గలేదు, ఇంకా పెరుగుతుంది. అందుకే నేను వాళ్ల చేయి వాళ్ల మెడ పక్కన నాడి మీద పెట్టించి లెక్కపెట్టిస్తాను. ఒళ్లు పరుగుకు సిద్ధమవుతోంది, మొదటి రౌండులో ఉండాల్సిన వేగం గుండెకు ఇప్పుడే వస్తోంది అని చెబుతాను. ఇది ఉత్తి ఓదార్పు కాదు, నిజంగా ఒంట్లో జరిగేదే. కొందరు నాడి లెక్కపెడుతూ నవ్వేస్తారు. సగం భయం అక్కడే పోతుంది.

అందరికీ మాటలతోనే పని జరుగుతుందనీ అనను. ఆ అమ్మాయి తల్లి మొదట్లో గ్రౌండు దగ్గరకు వచ్చి నాతో పోట్లాడింది. పెళ్లీడు పిల్ల, ఈ పరుగులేటి, నలుగురూ ఏటనుకుంటారు అంది. ఆవిడ తప్పు లేదు, ఊళ్లో మాటలు పడేది ఆవిడే. ఎంపికల్లో పోయాక ఇంక పంపదనుకున్నాను. ఆ తర్వాత సోమవారం చీకటి ఉండగానే కూతురి వెంట తనే వచ్చింది. చోడంబలి (రాగి అంబలి) పోసిన స్టీలు క్యాను పట్టుకుని గోడ పక్కన నిలబడింది. ఒక్క మాట లేదు. అప్పటి నుంచి రోజూ వస్తోంది. నెల తిరిగాక ఒక రోజు పరుగయ్యాక కూతురి మొహం కొంగుతో తుడుస్తూ అంది. “ఇయాళ మొన్నటంత మొకం కందిపోలేదే నీది.” నేను స్టాప్‌వాచ్ చూశాను. ఆ రోజు అయిదో, ఆరో రౌండ్లు కలిపి 2:41. మూడు నిమిషాల నుంచి అక్కడికి వచ్చింది. తల్లికి సెకన్లు తెలియవు. కూతురి మొహం చూసి చెప్పింది. నేను ఇన్నేళ్లలో విన్న ప్రోత్సాహం మాటల్లో దీన్ని మించింది లేదు.

ఇక మీకు నా విన్నపం.

వక్తలను పిలవొద్దని నేను కాలేజీలకు చెప్పను. ఒక సాయంత్రం నలుగురితో కలిసి నవ్వి, గట్టిగా అరిచి వస్తే పిల్లలకు బావుంటుంది, ఆ మాట నిజమే. ఆ వేదిక మీద పక్కనే ఇంకొక కుర్చీ వేయమంటున్నాను. మొదటిసారి పోయి రెండోసారి ఉద్యోగం తెచ్చుకున్న మన జిల్లా అమ్మాయి ఒకర్తె ఆ కుర్చీలో కూర్చుని, తను రోజూ ఎన్ని గంటలకు లేచింది, ఏం తింది, ఎక్కడ ఆగిపోయింది, ఎలా దాటింది చెబితే చాలు. తనలాంటి మనిషిని చూస్తే కలిగే నమ్మకం వేరు. అలాంటివాళ్లు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో ఊరికి ఒకరు దొరుకుతారు. పిలిచేవాళ్లే లేరు.

మీ పత్రిక కూడా ఒక పని చేయాలి. ఇంటర్, పదో తరగతి ఫలితాల రోజున ర్యాంకుల ఫోటోలు పేజీలకు పేజీలు వేస్తారు. సప్లిమెంటరీ ఫీజు కట్టే తేదీ ఎక్కడో మూల చిన్న అక్షరాల్లో ఉంటుంది. ఆ రోజు మా ఊళ్లల్లో మీ పేపరు కోసం వెతుక్కునేవాళ్లలో తప్పిన పిల్లలే ఎక్కువ అవసరంలో ఉంటారు. మొదటి పేజీలో ఆ తేదీలు పెద్దగా వేయండి. కిందటేడు తప్పి సప్లిమెంటరీలో పాసై ఇప్పుడు చదువుకుంటున్న పిల్లల మాటలు, వాళ్లు ఒప్పుకుంటేనే, రెండు వేయండి. ఆ పక్కనే టెలీ మానస్ నంబరు 14416 వేయండి. మనసు బాగా కుంగిపోయినప్పుడు పగలు రాత్రి తేడా లేకుండా ఎవరైనా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు, పైసా ఖర్చు లేదు. 2022 అక్టోబరు నుంచి ఉన్న ఈ నంబరు మా బళ్లో పెద్ద తరగతి పిల్లలను అడిగితే ఒక్కరూ చెప్పలేకపోయారు. టీచర్లం మేమూ ఇద్దరమే చెప్పగలిగాం. తిండి మానేసి, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో పడుకునే పిల్లకు నేను నోటుబుక్కు చూపిస్తే సరిపోదు. అలాంటప్పుడు చదువుకున్న డాక్టరు సాయం కావాలి. ఆ సంగతి ఇళ్లల్లో తెలియాలి.

ఆ ఫోటో వేసినందుకు నాకు మీ మీద కోపం లేదు. అదే కొలతలో మా గ్రౌండు ఫోటో ఒకటి వేస్తే సంతోషిస్తాను. పిల్లల పేర్లు వద్దు, వాళ్ల ఓటములు ఊరందరికీ తెలియనక్కర్లేదు. అందుకే నా పేరు కూడా ప్రచురించవద్దని మనవి. పొడుగు నోటుబుక్కు మాత్రం చూపిస్తాను. ఆ అమ్మాయి పేజీలో కిందటి ఆదివారం టైం 10 నిమిషాల 24 సెకన్లు. ఇంకా నోటిఫికేషన్ రాలేదు, ఎప్పుడొస్తుందో తెలియదు. అయినా ఆ అమ్మాయి రోజూ పరుగుకు వస్తోంది.

మీ విలేకరిని పంపేటట్టయితే తెల్లవారి అయిదున్నరకే రమ్మనండి. ఏడయ్యేసరికి పిల్లలు బస్సుకు వెళ్లిపోతారు.

ఇట్లు,
ఒక వ్యాయామ ఉపాధ్యాయురాలు,
నెల్లిమర్ల మండలం, విజయనగరం జిల్లా